పిండాన్ని చూడకుండా పిండశాస్త్రం: ఫ్లై ల్యాబ్ స్కాలర్లకు చిట్కాలు

డ్రోసోఫిలా గుడ్డు అర మిల్లీమీటరు పొడవుంటుంది. 25 డిగ్రీల దగ్గర పెడితే ఒక్క రోజులో అందులోంచి లార్వా బయటికొస్తుంది. తల ఎటు, తోక ఎటు, వీపు ఎటు, పొట్ట ఎటు అన్న పంపకం దాదాపు మొదటి మూడు గంటల్లోనే అయిపోతుంది. అప్పటికి అందులో ఉన్నవి సుమారు 6000 కేంద్రకాలు, అన్నిట్లోనూ డీఎన్ఏ ఒకటే. అయినా ఒక కేంద్రకం తల పని ఎత్తుకుంటుంది, నాలుగడుగుల అవతలది ఛాతీ పని ఎత్తుకుంటుంది. ఈ తేడా తెచ్చేవి ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు. అవి ప్రోటీన్లు. డీఎన్ఏ మీద తమకు సరిపడే చిన్న అక్షర వరసలను వెతికి పట్టుకుని, ఫలానా జన్యువును చదవమని పురమాయిస్తాయి, లేదా నోరు నొక్కేస్తాయి.

ఏ ఫ్యాక్టర్ ఎక్కడ కూర్చుని ఏ జన్యువును పలికిస్తోందో తేల్చడానికి చాలామంది జీవితాలు ధారపోశారు. మీకు ఆ అవస్థ అక్కర్లేదు. ఫెలోషిప్ ఐదేళ్లు వస్తుంది. ఆ ఐదేళ్లూ నిద్ర చెడకుండా, వేళకు భోంచేస్తూ గడిచిపోయే పద్ధతులు కింద ఇస్తున్నాను. మీ మేలు కోరి చెబుతున్నవి. వరసగా పాటించండి.

1. బాణం ఒక్కటే గీయండి.

స్లైడ్‌కు ఎడమ పక్క ఒక ఫ్యాక్టర్ పేరు, కుడి పక్క ఒక జన్యువు పేరు, మధ్యలో బాణం. ఎడమ పక్కదాన్ని "మాస్టర్" అనండి. ఆ మాట వింటే హాల్లో అందరూ తలలూపుతారు. 1995లో బాసెల్‌లో హాల్డర్, కలార్ట్స్, గేరింగ్ కలిసి ఐలెస్ అనే జన్యువును ఈగ కాళ్ల దగ్గర, రెక్కల దగ్గర, యాంటెన్నాల దగ్గర పలికించి అక్కడ కళ్లు మొలిపించారు. ఎలుక నుంచి తెచ్చిన అదే కోవ జన్యువు పెట్టినా ఈగ కన్నే వచ్చింది. ఆ ఫొటో మీ మొదటి స్లైడ్‌లో ఉండాలి.

తర్వాత తేలిన సంగతులు మాత్రం స్లైడ్ దరిదాపులకు రానివ్వకండి. ఐలెస్‌కు సైన్ ఆక్యులిస్, ఐస్ ఆబ్సెంట్, డాక్స్‌హుండ్ తోడుండాలి. ఆ మూడూ తిరిగి ఐలెస్‌నే పురిగొల్పుతాయి. ఒంట్లో ఎక్కడ పడితే అక్కడ కన్ను మొలవదు. ఇవన్నీ చెబితే స్లైడ్ నిండా బాణాలే ఉంటాయి, ఒక్కో బాణానికి ఒక్కో ప్రశ్న వస్తుంది. ఒక బాణానికి ఒకటే ప్రశ్న. దానికి "ఇంకా చూస్తున్నాం సార్" సరిపోతుంది.

2. పలికించేవాళ్లను ఉంచండి, నోరు నొక్కేవాళ్లను తీసేయండి.

ఈ చిట్కా దగ్గర కాసేపు ఆగుతాను. ఈవెన్-స్కిప్‌డ్ అనే జన్యువు కథ ప్రతి వైవాలోనూ వస్తుంది, సిద్ధంగా ఉండాలి.

ఈవెన్-స్కిప్‌డ్‌ను అందరూ ఈవ్ అంటారు. పిండం ఒంటి చుట్టూ ఏడు పట్టీలుగా కనిపిస్తుంది. ఏడు పట్టీలకూ కలిపి ఒకే ఆదేశం ఉండదు. రెండో పట్టీకి డీఎన్ఏలో విడిగా ఒక ముక్క ఉంది, దాన్ని ఎన్‌హాన్సర్ అంటారు. కనీసంగా కావలసింది 480 అక్షరాల దాకా. ఆ కాస్త జాగాలోనే ప్రోటీన్లు కూర్చునే చోట్లు పన్నెండు దాకా ఉన్నాయి. మైక్ లెవిన్, స్టీఫెన్ స్మాల్ 1990ల మొదట్లో ఈ చోట్లను మార్చి చూశారు. బైకాయిడ్, హంచ్‌బ్యాక్ అనే రెండు ఫ్యాక్టర్లు అక్కడ కూర్చుని ఈవ్‌ను పలికించమంటాయి. పిండం ముందు సగమంతా ఆ రెండూ ఉన్నాయి. వాటి మాటే చెల్లితే ముందు సగమంతా ఈవ్ పరుచుకోవాలి. కానీ ముందువైపు నుంచి జెయింట్ అడ్డుపడుతుంది, వెనకవైపు నుంచి క్రుపెల్ అడ్డుపడుతుంది. ఈ రెండిటికీ మధ్య మిగిలిన సందులో మాత్రమే రెండో పట్టీ పలుకుతుంది. జెయింట్ కూర్చునే చోట్లు చెడగొడితే పట్టీ ముందుకు పాకుతుంది. క్రుపెల్ చోట్లు చెడగొడితే వెనక్కి వెడల్పవుతుంది.

చూశారా ఎంత పనో. మీరు "బైకాయిడ్ ఉంది కాబట్టి ఈవ్ ఉంది" అని రాసి ఊరుకోండి. జెయింట్, క్రుపెల్ పేర్లు ఎత్తకండి. అడ్డుపడేవాటిని చూపించాలంటే అవి లేని పిండాలు కావాలి, వాటి చోట్లు చెడగొట్టిన డీఎన్ఏ కావాలి, ఆ డీఎన్ఏను ఈగల్లోకి ఎక్కించాలి. ఆరు నెలల మాట. బైకాయిడ్ అంత దూరం పరుచుకుని ఉంటే ఈవ్ సన్నటి పట్టీగానే ఎందుకుందని ఎవరైనా అడిగితే "సందర్భాన్ని బట్టి ఉంటుంది" అనండి. ఈ మాట దేనికైనా అతుకుతుంది. సీనియర్ ప్రొఫెసర్లు కూడా దీని తర్వాత రెండో ప్రశ్న వేయరు.

3. తల్లిని పట్టించుకోకండి.

బైకాయిడ్ ఆర్ఎన్ఏను గుడ్డు ముందు కొసలో పెట్టేది తల్లి. దాన్నుంచి తయారైన ప్రోటీన్ ముందు చిక్కగా, వెనక్కి పోయేకొద్దీ పల్చగా పరుచుకుంటుంది. 1988లో డ్రీవర్, న్యూస్లైన్-ఫోల్‌హార్డ్ ఈ సంగతి చూపించారు. తల్లిలో బైకాయిడ్ ప్రతులు పెంచితే పిండంలో తల మడత వెనక్కి జరిగింది. తల్లిలో బైకాయిడ్ బొత్తిగా లేకపోతే పిల్లకు తల, ఛాతీ రావు. ముందు కొసన కూడా తోక భాగాలే వస్తాయి.

అంటే వయల్ మీద రాసుకోవలసింది తల్లి జాతకం. మీరు పిండం జాతకం ఒక్కటే రాయండి, మార్కర్ పెన్ సిరా మిగులుతుంది. ఒక మంచి ప్రతి, ఒక చెడ్డ ప్రతి ఉన్న తల్లిని అలాంటి మగ ఈగతోనే కలిపితే, పెట్టిన గుడ్లలో కొన్ని పిండాలకు రెండు ప్రతులూ చెడ్డవే వస్తాయి. అయినా అవి శుభ్రంగా తలలతో పుడతాయి, తల్లి సరుకు ముందే చేరి ఉంటుంది కాబట్టి. అప్పుడు మీరు "తల రావడానికి బైకాయిడ్ అవసరం లేదు" అని ప్రకటించవచ్చు. నోబెల్ వచ్చిన పనికి ఎదురు తిరిగిన ఫలితం ఒక్క మధ్యాహ్నంలో చేతికొస్తుంది. ఇంతకంటే చవకైన సంచలనం ఈ రంగంలో లేదు.

4. ల్యాబ్‌కు పదకొండింటికి రండి.

క్రాస్ వేయాలంటే వర్జిన్ ఆడ ఈగలు కావాలి. ఆడ ఈగ ఒకసారి జతకడితే ఆ వీర్యం కడుపులో దాచుకుని రోజుల తరబడి గుడ్లు పెడుతుంది. అందుకే ఫ్లై వాళ్లు పొద్దున్నే వచ్చి సీసాలు ఖాళీ చేస్తారు. 25 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటల్లోపు పుట్టిన ఆడవాటిని ఏరుకుంటారు. అప్పుడే పుట్టిన ఈగ పాలిపోయి ఉంటుంది, రెక్కలు ముడుచుకుని ఉంటాయి, పల్చటి పొట్టలోంచి నల్లటి చుక్క కనిపిస్తుంది. సాయంత్రం మళ్లీ వచ్చి మళ్లీ ఏరుతారు. ఆదివారాలు, పండుగలు, పెళ్లిళ్లు ఈగలకు తెలియవు.

మీకు తెలుసు కదా, మీరే సర్దుకోండి. రాత్రి సీసాలు అలాగే వదిలేయండి. టిఫిన్ చేసి, కాఫీ తాగి, పదకొండింటికి వచ్చి దొరికిన ఆడ ఈగలన్నిటినీ కార్బన్ డయాక్సైడ్ ప్యాడ్ మీద పోయండి. నల్ల చుక్క వెతకకండి, కళ్లు లాగుతాయి. పొట్ట ఉబ్బి ఉన్నవాటిని ముందు తీసుకోండి, అవి గుడ్లు బాగా పెడతాయి. పది రోజులకు పిల్లలు వస్తాయి. వాటిలో సగం మీరు వేసిన మగ ఈగల సంతానం కావచ్చు, సగం ఆ ముందు రాత్రి సీసాలో ఉన్న అన్నదమ్ములవి కావచ్చు. కొన్నిటిలో మార్పు కనిపిస్తుంది, కొన్నిటిలో కనిపించదు. దీనికి పెనెట్రెన్స్ తక్కువ అని పేరు పెట్టండి. థీసిస్‌లో దానికో ఉపశీర్షిక ఇస్తే నాలుగు పేజీలు వాటంతటవే నిండుతాయి.

5. బ్యాలెన్సర్ ఈగలను వదిలించుకోండి.

రెండు ప్రతులూ చెడిపోతే చచ్చిపోయే మ్యుటేషన్‌ను కాపాడుకోవడానికి బ్యాలెన్సర్ క్రోమోజోములు వాడతారు. వాటికి గుర్తులుంటాయి. సీవైఓ ఉన్న ఈగ రెక్కలు పైకి వంకర తిరుగుతాయి. స్టాక్‌లో ప్రతి ఈగా వంకర రెక్కలదే అయితే చూడ్డానికి బాగోదు. వాటిని మంచి ఈగలతో కలిపి, పిల్లల్లో తిన్నని రెక్కలవాటిని ఏరి, తరతరానికీ మళ్లీ మంచి ఈగలతోనే కలుపుతూ పోండి. కొన్ని తరాల్లో స్టాక్ కళకళలాడుతుంది. గుడ్లు ఎక్కువ, చావులు తక్కువ, వయల్ నిండా ఈగలు. మీరు చదవాలనుకున్న మ్యుటేషన్ అందులో ఉండదు, దాని గొడవా ఉండదు.

6. కంట్రోల్‌కు చల్లటి గది, ప్రయోగానికి వెచ్చటి గది.

1993లో బ్రాండ్, పెరిమోన్ ఈస్ట్ నుంచి గాల్4 అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌ను తెచ్చుకుని ఈగల కోసం ఒక జంట పద్ధతి తయారుచేశారు. ఒక ఈగలో గాల్4, ఇంకో ఈగలో దానికి లొంగే యూఏఎస్ వరస. రెండిటినీ కలిపితే కోరిన కణజాలంలో కోరిన జన్యువు పలుకుతుంది. గాల్4 చలికి మందగిస్తుంది, వేడికి పుంజుకుంటుంది. 18 డిగ్రీల దగ్గర తక్కువ, 29 దగ్గర ఎక్కువ. ఈ గుణం మీకోసమే ఉన్నట్టుంది. కంట్రోల్ వయళ్లు 18లో, ప్రయోగం వయళ్లు 29లో పెట్టండి. తేడా రాకుండా ఎక్కడికి పోతుంది!

గాల్4 ఒక్కటే ఉన్న ఈగలను చూడమని గైడ్ అంటే క్రాస్ ఎండిపోయిందని చెప్పండి. కంటిలో పనిచేసే జీఎంఆర్-గాల్4 రెండు ప్రతులుంటే వెచ్చటి గదిలో అదొక్కటే కన్నును గరుకుగా చేసేస్తుంది. ఆ గరుకంతా మీ జన్యువు ఖాతాలో వేసుకోండి.

7. మైక్రోస్కోప్ దగ్గర ఒంటరిగా కూర్చోండి.

హైడెల్‌బర్గ్‌లో న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, వీషాస్ ఒకే మైక్రోస్కోప్‌కు ఎదురెదురుగా కూర్చుని, ఇద్దరూ ఒకే పిండాన్ని ఒకేసారి చూస్తూ వేల మ్యుటెంట్లు జల్లెడ పట్టారు. 1980లో పేపరు వచ్చింది, 1995లో ఎడ్ లూయిస్‌తో కలిపి నోబెల్ వచ్చింది. రెండో మనిషి ఉంటే వచ్చే చిక్కు ఏమిటంటే, మీకు కనిపించినదే ఆ మనిషికీ కనిపించాలి. మీరు ఒక్కరే చూడండి.

పిండాల తయారీ కూడా సులువు చేసుకోవచ్చు. సగం నీళ్లు కలిపిన బ్లీచ్‌లో రెండు నిమిషాలు ఉంచితే పై పెంకు పోతుంది. మీరు ఫోన్ మాట్లాడి వచ్చేదాకా ఉంచండి. మిగిలినవాటికి యాంటీబాడీ వేయండి. రెండో యాంటీబాడీ ఒక్కటే వేసిన ప్లేటు వద్దు, అందులోనూ రంగు కనిపిస్తే మనసు పాడవుతుంది. తర్వాత వందలో మీకు నచ్చిన పిండం ఒకటి ఎంచుకోండి. ఈవ్ మొదట వెడల్పుగా, మసకగా ఉండి గంటలోపే ఏడు చక్కటి పట్టీలుగా తేలుతుంది. అంటే పదిహేను నిమిషాల వయసు తేడా ఉన్న రెండు పిండాలను పక్కపక్కన పెడితే చాలు, ఒకటి మామూలుది, ఇంకోటి మ్యుటెంట్ అన్నట్టుంటుంది. ఫొటో కింద వయసు రాయకండి. "తొలి దశ" అని రాయండి.

8. "నేరుగా నియంత్రిస్తుంది" అని రాయండి.

ఒక ఫ్యాక్టర్ తీసేస్తే ఇంకో జన్యువు తగ్గింది. మధ్యలో ఇంకెన్ని జన్యువులున్నాయో తెలియదు. అయినా "నేరుగా" అన్న మాట వేయండి, పేపరుకు బరువొస్తుంది. ఎవరైనా పట్టుబడితే, ఫ్యాక్టర్ ఎక్కడెక్కడ కూర్చుందో చూపే చిప్ ఫలితాలు ముందు పెట్టండి. పిండంలో చాలా ఫ్యాక్టర్లు వేల చోట్ల డీఎన్ఏను తాకుతూ కనిపిస్తాయి. అంత పెద్ద జాబితాలో మీ జన్యువు దగ్గర ఒక చోటు దొరకకపోదు. తాకినచోటల్లా పని జరుగుతుందని అనుకోనక్కర్లేదని తెలిసినవాళ్లు ఆ చోటును చెడగొట్టి చూడమంటారు. అది క్రిస్పర్ పని, నెలలు తింటుంది. "భవిష్యత్ పరిశోధన" అనే విభాగం థీసిస్ చివర్లో ఉన్నది ఇలాంటివి పడేయడానికే.

జెల్డా అనే ఫ్యాక్టర్ గురించి అడిగితే మాట మార్చండి. 2008లో దాని సంగతి బయటపడింది. పిండం సొంత జన్యువులు మేలుకునే వేళ ముందుగా వెళ్లి, మూసుకున్న డీఎన్ఏను తెరిచి, బైకాయిడ్ లాంటివాటికి దారి ఇస్తుంది. అది కూడా లెక్కలోకి తెస్తే మీ ఒక్క బాణం నిలవదు.

9. నాలుగు రెక్కల ఈగ ఫొటో పెట్టండి, పేపరు చదవకండి.

ఎడ్ లూయిస్ చేసిన ఆ ఈగ అందరికీ ఇష్టం. ఒక్క మ్యుటేషన్‌తో వచ్చిందని చెప్పండి. నిజానికి అల్ట్రాబైథొరాక్స్ అనే జన్యువు నియంత్రణ భాగాల్లోని మూడు మ్యుటేషన్లు ఒకచోట చేర్చితే వచ్చింది. దశాబ్దాల క్రాసుల పని అది, 1978 పేపరులో ఉంది. మామూలు ఈగలో మూడో ఛాతీ ఖండం మీద రెక్కకు బదులు హాల్టేర్ అనే చిన్న బుడిపె ఉంటుంది. అక్కడ అల్ట్రాబైథొరాక్స్ రెక్క జన్యువులను ఎలా అణచిపెడుతుందో హైదరాబాద్ సీసీఎంబీలో ఎల్.ఎస్. శశిధర బృందం ఏళ్ల తరబడి వెతికింది. మీ ఊరికి దగ్గరే జరిగిన పని కాబట్టి, చదివినట్టు కనిపించడానికి పేరు చెబితే చాలు.

10. సాకులు నెలవారీగా సర్దుకోండి.

జూన్, జులైలో తేమ, బూజు. మేలో కరెంటు, ఇంక్యుబేటర్. మిగతా నెలల్లో మైట్లు. మొక్కజొన్న పిండి, ఈస్ట్, చక్కెర, అగర్ ఉడికించి చల్లారాక ప్రొపియోనిక్ ఆసిడ్ కలపకపోతే బూజు తప్పకుండా వస్తుంది, కాబట్టి ఆ సీసా కనిపించని చోట పెట్టండి. తప్పును తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు పంచండి: మేత వండే అటెండరుకు కొంత, యాంటీబాడీ అమ్మిన కంపెనీకి కొంత, పోయినేడాది పట్టా తీసుకుని వెళ్లిపోయిన అక్కకు ఎక్కువ. వెళ్లిపోయినవాళ్లు తిరిగి జవాబు చెప్పరు.

గైడ్ గారి ముందు మాత్రం చేతులు కట్టుకుని "మళ్లీ చేస్తాను సార్" అనండి. మళ్లీ చేయకండి.

11. ఇంట్లో ఏం చెప్పాలి?

"ఏం చదువుతున్నావు నాన్నా" అని మేనత్త అడిగితే మామిడికాయలు పాడుచేసే పండు ఈగ మీద మందు కనిపెడుతున్నానని చెప్పండి. అది బాక్ట్రోసెరా, వేరే కుటుంబం ఈగ. మీది మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరేది. కానీ మేనత్తకు తోట ఉంది, మీకు భోజనం వస్తుంది.

12. పట్టా తర్వాత.

వేరే ల్యాబ్ వాళ్లు మీ ప్రయోగం మళ్లీ చేసి రాలేదంటారు. కంగారు పడకండి. మీ ఫలితం మీ గదికి మాత్రమే చెందింది, అంటే మీరు అరుదైనది సాధించారు. పేపరు వెనక్కి తీసుకోమంటే వెంటనే తీసుకోండి. ఆ తర్వాత ఎవరూ మిమ్మల్ని సదస్సులకు పిలవరు, పేపర్లు సమీక్షించమని పంపరు, స్కాలర్లను మీ కింద చేర్చరు. సంవత్సరమంతా మీ చేతిలో ఉంటుంది.

ఈలోపు స్టాక్ పంపమని మెయిళ్లు వస్తాయి. జవాబివ్వకండి, వయళ్లకు కొత్త మేత మార్చకండి. డ్రోసోఫిలా బతికేది కొన్ని వారాలే. మూడో మెయిల్ వచ్చేసరికి ఇవ్వడానికి మీ దగ్గర స్టాక్ ఉండదు.